‘ప్రభువు నాకు చెప్పాడు’ అన్నప్పుడు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. పొద్దుటి నుంచీ కూర్చునే ఉన్నారు. వంటల దగ్గర నుంచి తాలింపు వాసన వస్తోంది కాబట్టి మీ మనసులు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి నాకు పెద్ద వివేచన అక్కర్లేదు.

నాకిచ్చిన అంశం ‘అనుదిన జీవితంలో ఆత్మీయ వివేచన’, అంటే ఏది దేవుని నుంచి వచ్చిందో, ఏది కాదో తేల్చుకోవడం. ఈ మాట వినగానే మనలో చాలామంది 1 కొరింథీ 12 తీసి, అది ఒక కృపావరం, ఎవరో కొందరికే ఉంటుంది, మనకెందుకులే అని పక్కన పెట్టేస్తారు. ఆ వరం గురించి నేను మాట్లాడటం లేదు. యోహాను తన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో, “ప్రియులారా... ప్రతి ఆత్మను నమ్మక, ఆయా ఆత్మలు దేవుని సంబంధమైనవో కావో పరీక్షించుడి” అని రాశాడు. అది పాస్టర్లకు విడిగా రాసిన ఉత్తరం కాదు. సంఘమంతా విన్న ఉత్తరం. అందులో కూరగాయలు అమ్ముకునేవాళ్లు ఉన్నారు, పిల్లల తల్లులు ఉన్నారు, పెళ్లి కాని కుర్రాళ్లు ఉన్నారు. పరీక్షించే పని వాళ్లందరిదీ.

పాస్టరు అయ్యగారి దగ్గరికి పెద్ద ప్రశ్నలు ముందు గదిలోకి వస్తాయి. ఆయన భార్యను కాబట్టి నా దగ్గరికి వంటింట్లోకి వస్తాయి. వంటింట్లో అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే రకం: “అమ్మగారూ, ఫలానా ఆయన ప్రభువు నాకు చెప్పాడు అంటున్నాడు, నమ్మొచ్చా?” ఈ పూట దాని గురించే చెబుతాను.

డిసెంబరు 31 రాత్రి మన సంఘాల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పన్నెండు కాగానే ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుని, వరుసలో నిలబడి, కొత్త ఏడాదికని ఒక బైబిలు వాక్యం అచ్చు వేసిన వాగ్దాన కార్డు పళ్లెంలోంచి తీసుకుంటాం. పళ్లెం పక్కన నిలబడి చూడటం నాకు అలవాటు. కార్డు తీసి, చదివి, ముఖం చిన్నబుచ్చుకుని, “ఇంకోటి తీసుకోవచ్చా?” అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఒక పెద్దావిడకు “యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము” అని వచ్చింది. “పోయినేడూ ఇదేనమ్మా, ఇంకెంతకాలం కనిపెట్టను?” అని నా చేతిలో పెట్టి వెళ్లింది. (నవ్వులు) ఆవిడ మాట కీర్తనల్లోని ప్రార్థనే, నేనేమీ తప్పుపట్టను. కార్డు తీసుకోవడం పాపమనీ అనను. అద్దం పక్కన అంటించుకుంటే ఏడాది పొడుగునా ఒక్క వాక్యమైనా కంట పడుతుంది. కానీ ఒక సంగతి గమనించండి. ఆ పళ్లెంలో ఆమోసు ప్రవక్త గద్దింపు ఒక్కటైనా ఉంటుందా? అచ్చు వేసేవాళ్లే ఏరి తీసేశారు. మనం తీసుకునే ముందే మనకు ఇష్టమైనవి ఎవరో ఎంచి పెట్టారన్నమాట.

ఆ కార్డుల్లో అందరికీ ప్రియమైనది యిర్మీయా 29:11. “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.” క్యాలెండర్ల మీద అదే, కారు వెనక అద్దం మీద అదే, పెళ్లి శుభలేఖ మీద అదే. దానికి ముందు అధ్యాయం ఎంతమంది చదివారు? ఒకసారి బైబిలు తీయండి, 28వ అధ్యాయం.

క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి యెకొన్యా రాజును, రాజు తల్లిని, అధికారులను, శిల్పకారులను, కంసాలులను బబులోనుకు పట్టుకుపోయాడు. మందిరంలోని ఉపకరణాలు కూడా పోయాయి. మిగిలిన జనం మీద సిద్కియాను రాజుగా పెట్టాడు. సిద్కియా ఏలుబడిలో నాలుగో ఏడు వచ్చింది. ఊళ్లో ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరి అన్నో, కొడుకో, అల్లుడో బబులోనులో ఉన్నాడు. అప్పుడు యిర్మీయా ఏం చేస్తున్నాడో తెలుసా? మెడ మీద కాడి వేసుకుని తిరుగుతున్నాడు. బబులోను రాజు కాడి కింద మెడ పెట్టండి, ఇది ఇప్పట్లో తీరేది కాదు అని దేవుడు చెప్పమన్నాడు కాబట్టి.

ఆ ఏడాది అయిదో నెలలో, మందిరంలో, యాజకుల ముందు, ప్రజలందరి ముందు గిబియోను ఊరివాడైన హనన్యా లేచాడు. ఇశ్రాయేలు దేవుడైన సైన్యములకధిపతియగు యెహోవా చెబుతున్నాడు, బబులోను రాజు కాడి విరిచేశాను, రెండేళ్లలో ఉపకరణాలు తిరిగి వస్తాయి, యెకొన్యా తిరిగి వస్తాడు, చెరలోకి పోయినవాళ్లందరూ తిరిగి వస్తారు అన్నాడు.

మీరు ఆ గుంపులో నిలబడి ఉన్నారనుకోండి. దేన్ని బట్టి తేల్చుకుంటారు? ఇద్దరూ ప్రవక్తలే. అధ్యాయమంతా బైబిలు హనన్యాను కూడా ప్రవక్త అనే పిలుస్తుంది. ఇద్దరూ యెహోవా పేరే ఎత్తారు, ఒకే మాటతో మొదలుపెట్టారు. పైగా హనన్యా చెప్పింది గాలిమాట కాదు, వెనక సాక్ష్యం ఉంది. వందేళ్ల కిందట హిజ్కియా రోజుల్లో అష్షూరు సైన్యం ఇదే పట్టణం చుట్టూ దిగితే దేవుడు రాత్రికి రాత్రి వెనక్కి పంపాడు. అప్పుడు చేసిన దేవుడు ఇప్పుడు చేయడా? ఈ వర్తమానం ఇవాళ మన మధ్య ఎవరైనా చెబితే మనం హల్లెలూయా అంటాం. నేను కూడా అంటాను.

యిర్మీయా ఏమన్నాడు? ఆమేన్ అన్నాడు! నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ఆమేన్, యెహోవా అలాగే చేయుగాక, నీ మాటలు నెరవేరుగాక అన్నాడు. వెటకారంగా అన్నాడని కొందరు చెబుతారు. నాకలా అనిపించదు. ఆయనకూ ఆ జనమే సొంత జనం, ఆయనకూ అది జరిగితే బాగుండుననే ఉంది. తన మనసు ఎటు మొగ్గుతోందో దాచుకోలేదు. ఆ తర్వాత, ‘అయినా ఒక మాట విను’ అంటూ, నీకూ నాకూ ముందున్న ప్రవక్తలు యుద్ధాలు వస్తాయని, కీడు వస్తుందని చెప్పారు, సమాధానం వస్తుందని చెప్పేవాడి సంగతి మాత్రం అది జరిగాకే తెలుస్తుంది అన్నాడు. తీపి మాటకు ఎక్కువ పరీక్ష కావాలని ఆయన అర్థం. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తాం. చేదు మాట చెప్పినవాణ్ణి పది ప్రశ్నలు వేస్తాం, తీపి మాట చెప్పినవాడికి కానుక కవరు ఇస్తాం.

హనన్యా ఊరుకోలేదు. యిర్మీయా మెడ మీది కాడి లాగి, అందరి ముందూ విరిచేశాడు. వీడియో తీస్తే ఏ ఛానల్‌కైనా లక్ష వ్యూస్ వస్తాయి. దానికి యిర్మీయా ఏం జవాబిచ్చాడు? ఏమీ ఇవ్వలేదు. వెళ్లిపోయాడు అని మాత్రమే ఉంది. అప్పటికి దేవుని దగ్గర నుంచి ఆయనకు కొత్త మాట రాలేదు. రాని మాటను వచ్చినట్టు చెప్పలేదు. అంతమంది ముందు ఓడిపోయినవాడిలా నడిచి వెళ్లాడు. కాడి విరిగిన తర్వాతే ఇంకో మాట వచ్చింది: కొయ్య కాడి విరిచావు, దాని బదులు ఇనప కాడి వస్తుంది, నువ్వు ఈ ఏడాదే చనిపోతావు. ఏడో నెలలో హనన్యా చనిపోయాడు. రెండేళ్లు అన్నవాడు మూడు నెలలు కూడా నిండా చూడలేదు.

ఇదంతా అయ్యాక వచ్చేదే 29వ అధ్యాయం, మన కార్డు ఉన్న అధ్యాయం. బబులోనులో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, మీలోని ప్రవక్తల చేత మోసపోకండి, డెబ్బై ఏళ్లు నిండాక మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను. ఇక్కడి వరకూ పదో వచనం. పదకొండోది మన వాగ్దానం. అంటే ఆ ఉత్తరం విన్నవాళ్లలో ముప్ఫై ఏళ్లు దాటిన ఎవరూ ఊరు చూడరు. సమాధానకరమైన ఉద్దేశం అన్నది వాళ్లకు చెప్పిన మాటే. అద్దం పక్కన ఆ కార్డు ఉన్నవాళ్లు ఈ రాత్రి ఆ అధ్యాయమంతా చదవండి. ఆ వాగ్దానం బరువు తగ్గదు, పెరుగుతుంది.

ఇంతసేపు దీని మీదే ఎందుకు ఆగానంటే, నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది. దేవుని పేరున ఒక మాట వచ్చినప్పుడు, పరీక్షించాల్సింది ముందు చెప్పినవాణ్ణి కాదు, వింటున్న నన్ను. నాకు ఏ జవాబు కావాలని ఉంది? అది తెలియకుండా మిగతా పరీక్షలన్నీ పెట్టినా లాభం లేదు. కావలసిన జవాబు వచ్చేదాకా ఇంకో కార్డు తీస్తూనే ఉంటాం.

పెళ్లి సంబంధాల సంగతే తీసుకోండి. ఎవరూ నొచ్చుకోవద్దు, నొచ్చుకున్నా పర్లేదు. “ప్రార్థనలో పెట్టామండీ, దేవుని చిత్తమైతే చూద్దాం” అంటారు. కట్నం సంగతి తేలేదాకా దేవుని చిత్తం తేలదు. అటువైపు నుంచి ఎకరం పొలం, ఊళ్లో స్థలం అనగానే వారంలోపే ప్రభువు మాట్లాడేస్తాడు. వద్దనుకున్న సంబంధానికైతే, “మనసులో సమాధానం రాలేదండీ” అంటారు. పిల్ల రంగు తక్కువని అనరు. కులం మాట అసలే ఎత్తరు, ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని రొట్టె తీసుకునేవాళ్లం కదా. అవతల ఆ పిల్ల మాత్రం, నేనంటే దేవునికే సమాధానం లేదేమో అనుకుని ఏడుస్తూ కూర్చుంటుంది. “మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు” అని ప్రభువు చెప్పాడు. మాకు ఇష్టం లేదండీ అని చెప్పేయండి. మన ఇష్టాయిష్టాలను ఆయన నోట పెట్టకండి. అది పదాజ్ఞల్లో మూడోది, ఆయన నామాన్ని వ్యర్థంగా ఎత్తడం.

దీనికి నేను ఆడవాళ్ల కూటంలో ఒక చిన్న పని చెబుతుంటాను. ఏదైనా విషయం గురించి ప్రార్థన మొదలుపెట్టే ముందు ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, ఈ సంగతిలో నాకు కావలసింది ఇదీ అని ఉన్నదున్నట్టు రాయండి. సంబంధం కుదరాలని ఉంటే కుదరాలని, తప్పిపోవాలని ఉంటే తప్పిపోవాలని. ఎవరికీ చూపించక్కర్లేదు. ‘నీ చిత్తమే జరుగును గాక’ అనేది దాని కింద రాయండి, పైన కాదు. గెత్సేమనేలో ప్రభువు కూడా ముందు ఈ గిన్నె తొలగించమని అడిగాడు, ఆ తర్వాతే నీ చిత్తం అన్నాడు. మనం మొదటి వాక్యం మింగేసి రెండోది గట్టిగా చెబుతాం. మింగేసిన ఆ మొదటిదే రాత్రి కలలో వస్తుంది, పొద్దున లేచి దర్శనం అంటాం.

ఇప్పుడు టీవీ, ఫోన్ల సంగతికి వద్దాం. లైవ్‌లో ఒకాయన కళ్లు మూసుకుని, “ఎవరో ఒక సహోదరి... పేరు ‘స’తో మొదలవుతుంది... మోకాళ్ల నొప్పులు... ప్రభువు ఇప్పుడే ముట్టుతున్నాడు” అంటాడు. తెలుగు దేశంలో ‘స’తో మొదలయ్యే పేరు, మోకాళ్ల నొప్పులు, ఈ రెండూ ఉన్న సహోదరి లేని వీధి ఉందా? (నవ్వులు) సరోజ, సునీత, సుగుణ, సలోమి. మా ఆడవాళ్ల కూటంలోనే ఎంతమందో ఉన్నారు. కింద క్యూఆర్ కోడ్ వస్తుంటుంది, విత్తన కానుక పంపండి అని. దేవుడు టీవీ ద్వారా పనిచేయడని నేను అనను. కానీ మాట ఎవరిదైనా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ మాట వింటే ఎవరికి లాభం? ఇది నన్ను క్రీస్తు దగ్గరికి తెస్తోందా, ఆ మనిషి దగ్గరికి తెస్తోందా? ఇంట్లోవాళ్లకు చెప్పొద్దు అంటున్నాడా? ఈ రాత్రిలోపే చేయాలి, లేకపోతే ఆశీర్వాదం పోతుంది అని తొందర పెడుతున్నాడా? చెప్పింది జరిగింది కదా అని కొందరు వాదిస్తారు. ద్వితీయోపదేశకాండము 13 చదవండి. చెప్పిన సూచక క్రియ నిజంగా జరిగినా సరే, వాడు నిన్ను యెహోవా నుంచి పక్కకు లాగితే వినొద్దు అని అక్కడ ఉంది. జరగడం ఒక్కటే పరీక్ష కాదు.

ఒక మాట మాత్రం నేను మెల్లగా చెప్పను. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, ఫిట్స్ మాత్రలు ఆపేయమని ప్రభువు చెప్పాడని ఎవరు చెప్పినా వినకండి. ఎంత పెద్ద సేవకుడైనా సరే. మాత్ర మొదలుపెట్టిన డాక్టరే దాన్ని ఆపాలి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. కొలొస్సయులకు రాస్తూ పౌలు ఆయన్ను “ప్రియుడైన వైద్యుడు” అన్నాడు. స్వస్థత వరం ఉన్న పౌలు, నాకు డాక్టరుతో పనేంటి అనలేదు. దేవుడు బాగుచేశాడని నమ్మితే పరీక్ష చేయించుకోవడానికి భయమెందుకు? రక్తపరీక్ష రిపోర్టు మీ సాక్ష్యానికి బలమే కదా.

పెద్దవాళ్లు, అనుభవమున్నవాళ్లు చెబితే? అది ఇంకా కష్టం. 1 రాజులు 13లో యూదా నుంచి వచ్చిన దైవజనుడు ఉన్నాడు. బేతేలులో అన్నం తినకు, నీళ్లు తాగకు, వచ్చిన దారిన తిరిగి పోకు అని దేవుడు ఆయనకు చెప్పి పంపాడు. రాజు భోజనానికి పిలిస్తే, నీ ఇంట్లో సగం ఇచ్చినా రాను అన్నాడు. రాజు దగ్గర గెలిచాడు. కానీ ఆకలితో చెట్టు కింద కూర్చుని ఉంటే, ఆ ఊరి ముసలి ప్రవక్త గాడిద మీద వచ్చి, నేనూ నీవంటి ప్రవక్తనే, నిన్ను తీసుకొచ్చి భోజనం పెట్టమని దేవదూత చెప్పాడు అన్నాడు. వెళ్లి తిన్నాడు. దారిలో సింహం చంపింది. ముసలాయన అబద్ధమాడాడని బైబిలే చెబుతుంది. ఆ దైవజనుడు శత్రువు మాటకు పడలేదు, తన వాళ్లలో పెద్దాయన మాటకు పడ్డాడు. పైగా ఆకలి మీద ఉన్నాడు. అతని దగ్గర దేవుని మాట స్పష్టంగా ఉంది, దాన్ని మార్చే మాట ఇంకొకరి నోట వచ్చింది, నాతో చెప్పిన దేవుడు ఆ మార్పు నాతోనే ఎందుకు చెప్పలేదు అని ఒక్క ప్రశ్న వేయలేదు. పిల్లలారా, పెద్దల్ని గౌరవించండి. గౌరవించడమంటే అడగకుండా ఉండటం కాదు. బెరయ ఊరివాళ్లు పౌలంతటి వాణ్ణి కూడా లేఖనాలు తీసి సరిచూశారు, బైబిలు వాళ్లను మెచ్చుకుంది.

ఇంతవరకూ బయటి నుంచి వచ్చే మాటల గురించి చెప్పాను. లోపలి నుంచి వచ్చేవి ఇంకా మాయగా ఉంటాయి. ఇక్కడ ఒక కతోలిక భక్తుణ్ణి చెబుతాను, మన సంఘం కాదని చెవులు మూసుకోకండి. విజయవాడలో లొయోలా కాలేజీ ఉంది కదా, ఆ పేరు స్పెయిన్‌లో ఆయన పుట్టిన చోటుది. ఇగ్నేషియస్ అనే సైనికుడు. 1521లో పంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచంలో ఉన్నాడు. వీరుల ప్రేమకథలు చదవడం ఇష్టం, ఆ ఇంట్లో అవి దొరకలేదు. క్రీస్తు జీవిత చరిత్ర, పరిశుద్ధుల కథలు దొరికాయి. చదువుతూ పగటి కలలు కనేవాడు. ఒకసారి రాజవంశపు స్త్రీ మెప్పు కోసం సాహసాలు చేస్తున్నట్టు, ఒకసారి పరిశుద్ధుల్లా బతుకుతున్నట్టు. కలలు కంటున్నంతసేపు రెండూ బాగానే ఉండేవి. తేడా ఆ తర్వాత తెలిసింది. మొదటి రకం అయిపోయాక మనసు ఎండిపోయినట్టు ఉండేది, రెండో రకం అయిపోయాక కూడా ఆనందం నిలిచేది. ఒక ఆలోచన వచ్చినప్పుడు ఎలా ఉంది అనేదాన్ని కాదు, వెళ్లిపోయాక ఏం మిగిల్చింది అనేదాన్ని ఆయన చూడటం నేర్చుకున్నాడు.

ఆయన తర్వాత ఇతరులకు నేర్పిన సూత్రాల్లో ఒకటి నాకు బాగా పనికొచ్చింది. మనసు చీకటిగా, దిగులుగా, ప్రార్థన సాగకుండా ఉన్న సమయంలో అంతకుముందు చేసిన మంచి తీర్మానాన్ని మార్చకు. ఎంత సాదా మాటో చూడండి. రాత్రి పదకొండుకు భర్త మీద కోపం, పొద్దుటి నుంచి పని, పిల్లాడికి జ్వరం. అప్పుడు, ఇక ఈ ఇంట్లో ఉండకూడదని ప్రభువు చెబుతున్నాడేమో అనిపిస్తుంది. ఇక ఈ సంఘానికి వెళ్లొద్దనీ, సండే స్కూలు మానేద్దామనీ అనిపిస్తుంది. మానేయాల్సి ఉంటే ఉండొచ్చు, నేను కాదనను. కొడుతున్న ఇంట్లో నుంచి బయటికి రావడానికి మాత్రం ఏ ప్రశాంత ఘడియ కోసమూ ఆగక్కర్లేదు, వెంటనే రండి. మిగతా సంగతులు రాత్రి పదకొండుకు తేల్చకండి. ఏలీయా లాంటివాడు బదరీ చెట్టు కింద ‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అంటే దేవుడు వాదన పెట్టుకోలేదు. దూతను పంపి రొట్టె పెట్టించాడు, నీళ్లిచ్చాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. ప్రశ్న అడిగింది హోరేబు కొండకు వెళ్లాకే.

అలాగని అంతా లోపలే చూసుకుంటూ కూర్చుంటే ఇంకో ప్రమాదం. నాలుగో శతాబ్దపు ఐగుప్తు ఎడారి సన్యాసుల్లో హెరోన్ అని ఒకాయన ఉండేవాడు. యాభై ఏళ్లు కఠిన ఉపవాసం. కాసియన్ అనే ఆయన ఆ సంగతి రాసిపెట్టాడు. పునరుత్థాన పండుగ రోజు సహోదరులందరూ కలిసి తినేటప్పుడు కూడా, తన ఉపవాసం చెడుతుందని హెరోన్ వచ్చేవాడు కాదు. ఒక రాత్రి వెలుగుదూతలా ఒక రూపం కనిపించి, నీ పుణ్యం ఇంత గొప్పది, బావిలో దూకినా నీకేమీ కాదు అంది. దూకాడు. సహోదరులు కష్టపడి పైకి లాగారు, మూడో రోజున చనిపోయాడు. అన్నిటికంటే బాధ కలిగించేది, ఆ మూడు రోజులూ ఎంత చెప్పినా తాను మోసపోయానని ఒప్పుకోలేదట. యాభై ఏళ్ల ఉపవాసం కాపాడలేకపోయింది. పండుగ రోజు పక్కనున్నవాడితో కలిసి భోంచేసి ఉంటే, ‘అన్నా, రాత్రి నాకిలా కనిపిస్తోంది’ అని మాట వరసకైనా బయటపడేదేమో. అపొస్తలుల కార్యములు 15లో సంఘం ఉత్తరం రాస్తూ, “పరిశుద్ధాత్మకును మాకును” తోచింది అంది. ఆత్మకూ నాకూ అనలేదు.

మరి ఈ వివేచన ఎలా వస్తుంది? హెబ్రీ 5:14లో, ‘అభ్యాసముచేత మేలు కీడులను వివేచించుటకు సాధకము చేయబడిన జ్ఞానేంద్రియములు’ అని ఉంది. పాలగిన్నె మూత తీయగానే ఇవి కాస్తే విరిగిపోతాయని మీకు ముక్కుకే తెలిసిపోతుంది. ఎవరు నేర్పారు? ఏ పుస్తకంలోనూ చదవలేదు. రోజూ పొయ్యి దగ్గర నిలబడ్డారు. పెళ్లి, ఉద్యోగం, ఇల్లు కొనడం, వీటి దగ్గరే వివేచన కావాలని అడిగేవాళ్లు జీవితంలో నాలుగుసార్లు అడుగుతారు. నాలుగుసార్లతో ఏ ఇంద్రియమూ పదును తేలదు. పక్కింటావిడ గురించి ఒక మాట తెలిసింది, చెప్పాలా వద్దా? వాట్సాప్‌లో వచ్చింది, పంపాలా వద్దా? పిల్లాణ్ణి అరిచాను, అది దిద్దుబాటా నా విసుగా? రోజుకు ఇలాంటివి ఎన్ని వస్తాయి! పడుకునే ముందు ఒక పది నిమిషాలు కూర్చుని, ఈ రోజు ఏ మాట మాట్లాడాక మనసు తేలిగ్గా ఉంది, ఏ మాట మాట్లాడాక బరువెక్కింది అని ప్రభువు ముందు చూసుకోండి. బరువెక్కిందంటే తప్పే చేశారని కాదు, ఒక్కోసారి సరైన పని కూడా బరువే. ఊరికే చూడండి. కొన్నాళ్లకు మీకే ఒక వరస కనిపిస్తుంది.

చీటీలు రాసిచ్చారు, అన్నీ చదివే టైమ్ లేదు. ఒక్కటి మాత్రం తీస్తున్నాను. “అమెరికా స్టూడెంట్ వీసా మూడుసార్లు రిజెక్ట్ అయింది. దేవుడు వద్దన్నట్టా? మళ్లీ అప్లై చేయాలా?” పేరు రాయలేదు, మంచి పని చేశావు.

అపొస్తలుల కార్యములు 16లో పౌలు ఆసియాకు వెళ్దామనుకుంటే ఆత్మ ఆటంకపరిచాడు, బితూనియకు పోబోతే యేసు యొక్క ఆత్మ వెళ్లనియ్యలేదు. తలుపు మూసింది దేవుడు. అదే పౌలు 1 థెస్సలొనీక 2:18లో, మీ దగ్గరికి రావాలని ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను, సాతాను అడ్డుపడ్డాడు అన్నాడు. అదే మనిషి, అదే రకం మూసిన తలుపు. ఒకటి దేవుడు మూశాడన్నాడు, ఒకటి సాతాను మూశాడన్నాడు. మొదటిదాని దగ్గర వేరే దారి పట్టాడు. రెండోదాని దగ్గర ఆశ వదులుకోలేదు, తిమోతిని పంపాడు, రాత్రింబగళ్లు ప్రార్థించాడు. కాబట్టి తలుపు మూసుకుంది అన్నంత మాత్రాన దాని మీద ఎవరి సంతకం ఉందో తెలియదు.

వీసా ఆఫీసువాళ్లు నీకు ఇచ్చిన కాగితం మీద 214(బి) అని ఉండే ఉంటుంది. చదువయ్యాక తిరిగి వస్తావని అధికారికి నమ్మకం కుదరలేదని దాని అర్థం. దాంట్లో ముందు చూడాల్సింది ప్రవచనం కాదు. ఆ కాలేజీ, ఆ కోర్సు నువ్వు ఎంచుకున్నావా, కన్సల్టెన్సీవాడు ఎంచాడా? ఇంటర్వ్యూలో ఎందుకు వెళ్తున్నావంటే నీ మాటల్లో చెప్పగలిగావా, బట్టీ పట్టింది అప్పజెప్పావా? అప్పు ఎంత, ఎవరి పొలం తాకట్టులో ఉంది? వెళ్లాలన్న కోరిక నీదా, ఊళ్లో అందరి పిల్లలూ వెళ్లారని మీ నాన్నదా? ఇవి తేలితే నాలుగోసారి అప్లై చేయాలా వద్దా అనేది సగం తేలినట్టే. ఆ నోటుపుస్తకం పని ఈ రాత్రి నువ్వూ చెయ్యి, మీ నాన్నగారినీ విడిగా చేయమను. రేపు పొద్దున టిఫిన్ల తర్వాత ఇద్దరూ ఆ కాగితాలు పట్టుకుని నా దగ్గరికో అయ్యగారి దగ్గరికో రండి. వీసా ఫైలు తేవద్దు.